విండోస్ 10 నుంచి 11కు మారేటప్పుడు చిక్కు: ప్రాసెసర్ సరిపోతోంది, డిస్కే మొరాయిస్తోంది

గడియార స్తంభం, అనంతపురం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన సంగతి మీకు తెలిసిందే. మా ఇంటి కంప్యూటర్‌ను విండోస్ 11కు మార్చాలని చూస్తున్నాను గానీ, ఒక ముడి విప్పితే ఇంకో ముడి పడుతోంది. వివరాలన్నీ ఒకేచోట ఉంటే సలహా ఇచ్చేవారికి సులువని కాస్త విపులంగానే రాస్తున్నాను.

ఇది 2019లో మా పట్టణంలోని ఒక దుకాణంలో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఇంటెల్ కోర్ ఐ3-8100 ప్రాసెసర్, హెచ్310 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. మా అమ్మాయి ఈఏపీసెట్ మాక్ టెస్టులు దీని మీదే రాస్తుంది. మా ఆవిడ బడులకు ప్రశ్నపత్రాలు, తెలిసినవారికి పెళ్లి పత్రికలు దీని మీదే టైప్ చేస్తుంది. ఆమె వాడే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ యూనికోడ్‌కు ముందు కాలం నాటిది. యూఎస్‌బీ పోర్టులో చిన్న లాక్ గుచ్చితే తప్ప తెరుచుకోదు. దాన్ని అమ్మినవారు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి, కంప్యూటర్‌ను ఫార్మాట్ చేస్తే ఆ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కుతుందన్న నమ్మకం నాకు లేదు. అసలు బెంగ అదే.

పీసీ హెల్త్ చెక్ అనే పరీక్షా సాధనం నడిపితే ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ పరిమాణం సరిపోతాయని చెప్పింది గానీ, టీపీఎం 2.0 (రహస్య కీలను భద్రపరిచే భాగం) కనిపించడం లేదని, సెక్యూర్ బూట్‌కు (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ లేచేలా చూసే ఏర్పాటు) ఈ కంప్యూటర్ అనుకూలంగా లేదని చెప్పింది. కంప్యూటర్ ఆన్ కాగానే అన్నింటికంటే ముందు నడిచే బయోస్ అనే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి ఇంటెల్ పీటీటీ అనే అంశాన్ని ఆన్ చేశాను, దాంతో టీపీఎం సమస్య తీరిపోయింది. సెక్యూర్ బూట్ కోసం, పాత పద్ధతిలో బూట్ కావడానికి వీలిచ్చే సీఎస్ఎం అనే అంశాన్ని ఆఫ్ చేయాలని చదివి అలాగే చేస్తే, బూట్ చేయడానికి తగిన డిస్క్ ఏదీ లేదంటూ నల్లటి తెర మీద ఒక్క వాక్యం కనిపించింది. సీఎస్ఎంను మళ్లీ ఆన్ చేయగానే విండోస్ 10 మామూలుగానే తెరుచుకుంది.

డిస్క్‌లోని భాగాల పట్టిక ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉందని, దాన్ని జీపీటీ అనే కొత్త పద్ధతిలోకి మార్చాలని తర్వాత తెలిసింది. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే సాధనంతో తనిఖీ చేస్తే, డిస్క్ లేఅవుట్ వ్యాలిడేషన్ ఫెయిల్డ్ అని ఒక్క ముక్కలో తేల్చేసింది. కారణం మాత్రం చెప్పలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో వరుసగా 549 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్, 150 జీబీ సి, 250 జీబీ డి, ఆ తర్వాత ఇ, ఎఫ్ డ్రైవులు కనిపిస్తున్నాయి. సి డ్రైవులో 60 జీబీకి పైగా ఖాళీ ఉంది.

దుకాణంలో అడిగితే మొత్తం ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కించడం తప్ప దారి లేదన్నారు. నిజంగానే వేరే దారి లేదా? ఫార్మాట్ చేయకుండా డిస్క్‌ను మార్చుకునే వీలుంటే ఫైళ్లకు ఎంతవరకు ముప్పు ఉంటుంది? మాఘమాసపు ముహూర్తాలు మొదలైతే మా ఆవిడ ఈ యంత్రాన్ని నాకు ముట్టనివ్వదు కాబట్టి, ఆలోపే ఏదో ఒకటి తేల్చుకోవాలి.


ఏడు రోడ్ల కూడలి, కడప

గడియార స్తంభం గారూ, మీకున్న అవసరం చూస్తే ఇప్పటికిప్పుడు విండోస్ 11కు మారి తీరాలా అన్నది ముందుగా ఆలోచించాల్సిన విషయం. ఇళ్లలో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు అదనపు భద్రతా నవీకరణలను 2026 అక్టోబర్ 13 వరకు ఇచ్చే పథకం ఒకటుంది. మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే అందులో చేరే లింకు కనిపిస్తుంది. మీ సెట్టింగులను ఆ ఖాతాకు బ్యాకప్ చేసుకోవడానికి ఒప్పుకుంటే డబ్బు కూడా కట్టనక్కర్లేదు. పెళ్లిళ్ల కాలం గడిచేదాకా అలా నెట్టుకురావచ్చు.

మారక తప్పదనుకుంటే రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని, టీపీఎం, సెక్యూర్ బూట్ తనిఖీలను దాటవేసి విండోస్ 11ను ఎక్కించుకునే పద్ధతి కూడా ఉంది. మా బంధువుల ఇంట్లో ఇంతకంటే పాత కంప్యూటర్ ఒకటి అలాగే నడుస్తోంది.


కొండారెడ్డి బురుజు, కర్నూలు

అదనపు నవీకరణల గురించి కూడలి గారు చెప్పింది మంచి మాట. తొందర లేకపోతే ముందు అందులో చేరండి. చేరినంత మాత్రాన రేపు విండోస్ 11కు మారడానికి అడ్డేమీ ఉండదు. అయితే తనిఖీలను దాటవేసే పద్ధతిని మీకు నేను సూచించను. అర్హత లేని యంత్రాలకు అది ఆఖరి ఉపాయం. మీ యంత్రానికి పూర్తి అర్హత ఉంది. ఐ3-8100 ఎనిమిదో తరం ప్రాసెసర్, విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా దాదాపుగా అక్కడి నుంచే మొదలవుతుంది. అర్హత లేని యంత్రంగా ఎక్కించుకుంటే ముందు ముందు నవీకరణలు వస్తాయన్న హామీ ఉండదు. రాజమార్గం ఉండగా దొడ్డిదారి ఎందుకు?

మీ చిక్కు ప్రాసెసర్‌లోనూ లేదు, బయోస్‌లోనూ లేదు. ఆనాడు డిస్క్‌ను ముక్కలు చేసిన తీరులో ఉంది. ఎంబీఆర్ అంటే నాలుగే అరలున్న బీరువా అనుకోండి. అందులో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు (డిస్క్ భాగాలకు) మించి నమోదు చేయడం కుదరదు. అంతకంటే ఎక్కువ డ్రైవులు కావాలంటే నాలుగో అరను ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌గా మార్చి, దాని లోపల లాజికల్ డ్రైవులు చేసుకోవాలి. మన ఊళ్లలో అసెంబుల్ చేసే యంత్రాల్లో సి, డి, ఇ, ఎఫ్ అని వరుసగా డ్రైవులు చేసి ఇవ్వడం రివాజు కాబట్టి, మీ ఇ, ఎఫ్ రెండూ అలా లోపలికి చేరిన లాజికల్ డ్రైవులే అయి ఉంటాయి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి రంగులు చూడండి. సిస్టమ్ రిజర్వ్‌డ్, సి, డి పైన ముదురు నీలం పట్టీ ఉండి, ఇ, ఎఫ్ పైన లేత నీలం పట్టీ ఉండి, ఆ రెండింటినీ కలిపి చుట్టూ ఆకుపచ్చ గీత కనిపిస్తే నేను చెప్పింది ఖాయం.

ఎంబీఆర్2జీపీటీ సాధనం ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్న డిస్క్‌ను ముట్టదు. పైగా ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించి ఉన్నా ఒప్పుకోదు, ఎందుకంటే యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ కావడానికి ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే కొత్త భాగాన్ని అది తనే సృష్టించుకోవాలి. మీ డిస్క్ ఈ రెండు షరతుల్లో మొదటిదాని దగ్గరే ఆగిపోయింది. కాబట్టి మొత్తం ఫార్మాట్ చేయనక్కర్లేదు. ఇ, ఎఫ్ డ్రైవుల్లో ఉన్నదంతా బయటి హార్డ్ డిస్క్‌లోకి తీసుకుని, ఆ రెండింటినీ, ఆ తర్వాత ఖాళీగా మిగిలే ఎక్స్‌టెండెడ్ భాగాన్నీ తొలగిస్తే చాలు. సి, డి అలాగే ఉంటాయి, మీ ఆవిడ గారి సాఫ్ట్‌వేర్ ఉన్నచోటే ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు డిస్క్ ఆరోగ్యం చూసుకోండి. 2019 నాటి హార్డ్ డిస్క్ కాబట్టి ఇది నామమాత్రపు జాగ్రత్త కాదు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత సాధనంలో రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అన్న వరుసలు చూడండి. అక్కడ సున్నా కాకుండా వేరే అంకె ఉంటే ఈ పనంతా ఆపి, ముందు కొత్త ఎస్ఎస్‌డీ కొనుక్కోవడం మంచిది. ఇ, ఎఫ్‌లతో పాటు డి డ్రైవులోని ఫైళ్లను, సి డ్రైవులో డెస్క్‌టాప్ మీదా డాక్యుమెంట్స్‌లోనూ ఉన్నవాటిని, ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. పార్టిషన్ పద్ధతి మార్చడం మామూలుగా ఫైళ్ల జోలికి రాదు గానీ, సరిగ్గా ఆ నిమిషంలోనే కరెంటు పోతే ఏ సాధనమూ హామీ ఇవ్వలేదు. యూపీఎస్ బ్యాటరీ పాతబడి ఉంటే ఇన్వర్టర్ లైను మీద పెట్టి చేయండి. కాపీ అయిన తర్వాత నాలుగైదు ఫైళ్లను అక్కడి నుంచే తెరిచి చూసి, ఆ బయటి డిస్క్‌ను ఊడదీసి పక్కన పెట్టండి. అది తగిలించి ఉంటే డిస్క్ నంబర్ల దగ్గర పొరబడే అవకాశం ఉంది.

ఇక ఆదేశాల విషయం. ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ముందుగా రీఏజెంట్‌సీ /ఇన్ఫో అని కొట్టండి. రికవరీ ఫైళ్లు ఏ పార్టిషన్‌లో ఉన్నాయో అది చూపిస్తుంది. మీ యంత్రంలో అవి 549 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్ భాగంలోనే ఉండవచ్చు. నడుస్తున్న విండోస్‌లోంచే మార్పిడి చేసినప్పుడు ఆ పాత భాగం వాడుకలో ఉంటుంది కాబట్టి, సాధనం దాన్ని తిరిగి వాడుకోకుండా సి డ్రైవును కొంచెం కుదించి ఈఎఫ్ఐ భాగాన్ని కొత్తగా చేస్తుంది. పాతది అలాగే మిగిలిపోతుంది. చూడటానికి అనవసరంగా అనిపించినా దాన్ని తొలగించకండి.

ఆ తర్వాత ఎంబీఆర్2జీపీటీ /వ్యాలిడేట్ /డిస్క్:0 /అలౌఫుల్ఓఎస్ అని కొడితే తనిఖీ జరుగుతుంది. ఈసారి అది పూర్తయిందన్న సందేశం రావాలి. రాకపోతే ముందుకు పోవద్దు. విండోస్ ఫోల్డర్‌లో సెటప్ఎర్ర్ అనే లాగ్ ఫైలు ఉంటుంది, అందులోని చివరి వరుసలు ఇక్కడ పెట్టండి. తనిఖీ నెగ్గితే వ్యాలిడేట్ అన్న చోట కన్వర్ట్ అని మార్చి అదే ఆదేశం మళ్లీ ఇవ్వండి. పని తొందరగానే ముగుస్తుంది. ఇక మీదట ఫర్మ్‌వేర్‌ను (అంటే బయోస్‌ను) యూఈఎఫ్ఐ పద్ధతికి మార్చాలని చివర్లో అదే గుర్తుచేస్తుంది.

ఇక్కడ వరుస ముఖ్యం. చాలామంది ముందు బయోస్‌లో సీఎస్ఎం ఆపేసి, బూట్ కాకపోయేసరికి కంగారుపడి డిస్క్ పాడైందనుకుని ఫార్మాట్‌కు ఒప్పుకుంటారు. డిస్క్ మార్పిడి పూర్తయ్యాక, రీస్టార్ట్ చేసి నేరుగా బయోస్‌లోకి వెళ్లి అప్పుడే సీఎస్ఎంను ఆపాలి. బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్ అన్న పేరు కొత్తగా కనిపిస్తుంది, దాన్ని మొదట పెట్టండి. విండోస్ తెరుచుకున్నాక ఎంఎస్ఇన్ఫో32 నడిపి, బయోస్ మోడ్ అన్న వరుసలో లెగసీ పోయి యూఈఎఫ్ఐ అని వచ్చిందో లేదో చూడండి. మీకు విడి గ్రాఫిక్స్ కార్డు లేకపోవడం కలిసొచ్చింది. చాలా పాత కార్డులు ఉన్నవారికి సీఎస్ఎం ఆపగానే తెర మీద బొమ్మే రాని సందర్భాలు ఉంటాయి.

సెక్యూర్ బూట్ గురించి ఒక మాట. యంత్రం యూఈఎఫ్ఐ పద్ధతిలో ఉండి సెక్యూర్ బూట్‌కు సామర్థ్యం ఉంటే విండోస్ 11 ఎక్కుతుంది, అది ఆన్‌లో ఉండి తీరాలన్న షరతు లేదు. అయినా ఆన్ చేసుకోవడమే మేలు. బయోస్ అది ఆన్ చేయనివ్వకపోతే అదే పేజీలో డిఫాల్ట్ కీలను నింపే అంశం ఒకటి ఉంటుంది, ముందు అది నొక్కండి. మదర్‌బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో కొత్త బయోస్ ఉంటే ఈ పనులన్నింటికంటే ముందే వేసుకోండి. సెక్యూర్ బూట్‌కు వాడే 2011 నాటి సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరిపోతుంది కాబట్టి, పాత బోర్డులున్నవారు ఈ విషయంలో అలసత్వం చూపకూడదు. బయోస్ మారిస్తే పీటీటీ మళ్లీ ఆఫ్ అయ్యే అవకాశం ఉంటుంది, చూసుకోండి.

చివర్లో మిగిలిన ఖాళీ జాగాలో ఇ, ఎఫ్ డ్రైవులను కొత్తగా చేసుకుని అవే అక్షరాలు ఇవ్వండి. టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫైళ్ల దారులను పాత అక్షరాలతోనే గుర్తుపెట్టుకుని ఉంటుంది.


గడియార స్తంభం, అనంతపురం

బురుజు గారూ, మీరు చెప్పినట్టే ఇ, ఎఫ్ లేత నీలంలో, ఆకుపచ్చ గీత లోపల కనిపించాయి. బ్యాకప్ తీసుకుని, వాటిని తొలగించి తనిఖీ చేస్తే మొదటిసారే నెగ్గింది. మార్పిడి కూడా సజావుగా జరిగింది. ఇప్పుడు యూఈఎఫ్ఐ పద్ధతిలోనే విండోస్ 10 తెరుచుకుంటోంది, పీసీ హెల్త్ చెక్ అన్నింటికీ పచ్చగుర్తు పెట్టింది. మీకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

అయితే అసలు అప్‌గ్రేడ్ ఇంకా గట్టెక్కలేదు. ఇన్‌స్టాలేషన్ అసిస్టెంట్‌తో మొదలుపెడితే డౌన్‌లోడ్ అంతా పూర్తయి, రీస్టార్ట్ అయి, నల్లటి తెర మీద శాతం చాలా దూరం పెరిగాక ఉన్నట్టుండి మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. తర్వాత పాత విండోస్‌ను తిరిగి తెస్తున్నామని చెప్పి, విండోస్ 10లోనే తెచ్చి కూర్చోబెడుతోంది. ఫైళ్లకు ఏమీ కాలేదు. ఎర్రర్ సంఖ్య సీ1900101, దాని పక్కన 30018 అని ఉంది. వాటికి ముందు ఉండే సున్నా, ఎక్స్ వదిలేసి రాశాను. మొదటి రీస్టార్ట్ దశలో లోపం అన్న అర్థం వచ్చే వాక్యం కూడా దాని కింద ఉంది. కీబోర్డు, మౌస్, ప్రింటర్, వేలిముద్రల పరికరం, టైపింగ్ సాఫ్ట్‌వేర్ లాక్ అన్నీ తగిలించే ఉన్నాయి.


పెన్నా గట్టు, ప్రొద్దుటూరు

నేను డీటీపీ పనిలోనే ఉన్నాను కాబట్టి మీ చివరి వాక్యం చదవగానే అనుమానం ఆ లాక్ మీదికే పోయింది.

సీ1900101తో మొదలయ్యే ఎర్రర్లు చాలావరకు ఏదో ఒక డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్) వల్ల వస్తాయి. అందులో 30018 అంటే కొత్త విండోస్ మొదటిసారి లేచి పరికరాలను పలకరించే సమయంలో ఒక డ్రైవర్ బదులివ్వకుండా బిగుసుకుపోయిందని భావం. టైపింగ్ సాఫ్ట్‌వేర్లతో వచ్చే పాత యూఎస్‌బీ లాక్ డ్రైవర్లు విండోస్ కెర్నల్ అనే లోపలి గుండెకాయలోకి చొరబడి పనిచేస్తాయి, వాటిలో చాలావాటిని విండోస్ 11ను దృష్టిలో పెట్టుకుని రాసి ఉండరు. లాక్‌ను ఊడదీసినంత మాత్రాన సరిపోదన్నది ఇక్కడ చాలామందికి తట్టని సంగతి. పరికరం లేకపోయినా దాని డ్రైవర్ డిస్క్‌లో ఉండి బూట్ అయ్యేటప్పుడు లేస్తుంది.

ఊహించి తీసేయడం కంటే ఆధారం చూసుకోవడం మేలు. అప్‌గ్రేడ్ విఫలమైన ప్రతిసారీ సెటప్‌డయాగ్ అనే సాధనం తనంతట తానే నడిచి, విండోస్ ఫోల్డర్ లోపల లాగ్స్, దాని లోపల సెటప్‌డయాగ్ అన్న చోట ఒక నివేదిక పెడుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే గజిబిజిగా కనిపిస్తుంది గానీ, అందులో ఎస్‌వైఎస్ లేదా ఐఎన్ఎఫ్‌తో ముగిసే ఫైలు పేరు ఏదైనా ఉందేమో వెతకండి. అక్కడ దొరకకపోతే కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రోగ్రామ్‌ల జాబితాలో లాక్‌కు సంబంధించిన రన్‌టైమ్ లేదా డ్రైవర్ అన్న పేరుతో వేరే ఎంట్రీ ఉంటుంది.

ఆ రన్‌టైమ్‌ను మాత్రమే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. టైపింగ్ సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. తర్వాత పీఎన్‌పీయుటిల్ /ఎన్యూమ్-డ్రైవర్స్ అని కొడితే బయటి కంపెనీల డ్రైవర్లన్నీ ఓఈఎం అన్న పేరు, ఒక అంకెతో వరుసగా వస్తాయి. తయారీదారు పేరును బట్టి లాక్ డ్రైవర్ ఇంకా అందులో ఉందని తేలితే, పీఎన్‌పీయుటిల్ /డిలీట్-డ్రైవర్ అని రాసి, పక్కన ఆ ఓఈఎం ఫైలు పేరు, చివర్లో /అన్‌ఇన్‌స్టాల్ అని చేర్చండి. వేలిముద్రల పరికరం డ్రైవర్‌కూ ఇదే మందు వేయండి. అప్‌గ్రేడ్ అయ్యేంతవరకు కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప యంత్రానికి ఇంకేమీ తగిలించి ఉండకూడదు. బయటి కంపెనీ యాంటీవైరస్ ఉంటే డిజేబుల్ చేయడం కాదు, పూర్తిగా తీసేయండి. విండోస్‌లోని డిఫెండర్ ఆ కాసేపు కాపలాకు చాలు.

ఈసారి ఇన్‌స్టాలేషన్ అసిస్టెంట్ బదులు, విండోస్ 11 మొత్తం ఒకే ఫైలుగా ఉండే ఐఎస్ఓతో చేయండి. ఒకసారి దింపుకుంటే అప్‌గ్రేడ్ మళ్లీ విఫలమైనా మొబైల్ డేటా మళ్లీ ఖర్చు కాదు. దింపుకునేటప్పుడు భాష విషయంలో జాగ్రత్త. మన దగ్గర అసెంబుల్ చేసిన యంత్రాల్లో కొన్ని అమెరికన్ ఇంగ్లీషువి, కొన్ని ఇంగ్లీష్ ఇంటర్నేషనల్‌వి ఉంటాయి. డీఐఎస్ఎం /ఆన్‌లైన్ /గెట్-ఇంటల్ అని కొడితే డిఫాల్ట్ సిస్టమ్ యూఐ లాంగ్వేజ్ అన్న వరుసలో యూఎస్ అని ఉందో జీబీ అని ఉందో తెలుస్తుంది. జీబీ ఉంటే ఇంటర్నేషనల్ ఐఎస్ఓ తీసుకోవాలి. భాష కలవకపోతే ఫైళ్లతో పాటు యాప్‌లను కూడా ఉంచుకునే ఎంపిక బూడిద రంగులోకి పోయి నొక్కనివ్వదు. ఆ స్థితిలో ముందుకు పోతే మీరు ఇంత శ్రమపడి కాపాడుకున్న టైపింగ్ సాఫ్ట్‌వేరే పోతుంది. ఐఎస్ఓ మీద రెండుసార్లు నొక్కి, వచ్చిన డ్రైవులోంచి సెటప్ నడిపి, నవీకరణలు ఇప్పుడే వద్దన్న ఎంపిక పెట్టి మొదలుపెట్టండి. హార్డ్ డిస్క్ కాబట్టి గంటల తరబడి పడుతుంది. శాతం ఒకే అంకె దగ్గర నిలబడిపోయినా, కేబినెట్ మీది డిస్క్ దీపం మిణుకుమంటున్నంతసేపు పవర్ బటన్ ముట్టకండి.


గడియార స్తంభం, అనంతపురం

గట్టు గారూ, నివేదికలో దొరికిన ఫైలు పేరును ప్రోగ్రామ్‌ల జాబితాతో పోల్చి చూస్తే అది లాక్ డ్రైవరే. దాన్నీ, వేలిముద్రల డ్రైవర్‌నూ తొలగించి, మా యంత్రం జీబీ కాబట్టి ఇంటర్నేషనల్ ఐఎస్ఓతో మొదలుపెడితే ఈసారి వెనక్కి పోకుండా విండోస్ 11 డెస్క్‌టాప్ దాకా వచ్చింది. యాప్‌లు, ఫైళ్లు, ఫాంట్లు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

లాక్‌ను తిరిగి గుచ్చే ముందు రెండు సంగతులు తెలుసుకోవాలి. పాత డ్రైవర్‌నే మళ్లీ వేస్తే విండోస్ లేవకుండా పోతుందా? ఒకవేళ సాఫ్ట్‌వేర్ ససేమిరా అంటే విండోస్ 10కు వెనక్కి పోవచ్చా, లేక డిస్క్‌ను జీపీటీకి మార్చేశాం కాబట్టి ఆ దారి మూసుకుపోయిందా?


పెన్నా గట్టు, ప్రొద్దుటూరు

సీడీలో ఉన్న పాత డ్రైవర్ వేయకండి. లాక్ మీద దాని తయారీదారు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. టైపింగ్ సాఫ్ట్‌వేర్ చేసినవారు వేరు, లాక్ చేసినవారు వేరు. లాక్ తయారీదారుల వెబ్‌సైట్లలో చాలావరకు కొత్త రన్‌టైమ్ ఉచితంగానే దొరుకుతుంది, అది పాత లాక్‌లను కూడా గుర్తుపడుతుంది. దాన్ని వేసి, రీస్టార్ట్ చేసి, ఆ తర్వాతే లాక్ గుచ్చండి.

విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసొలేషన్ కింద మెమొరీ ఇంటిగ్రిటీ అన్న మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేయబోతే, పడని డ్రైవర్లు ఏవైనా ఉంటే వాటి పేర్లు అదే చూపిస్తుంది. కొత్త రన్‌టైమ్ వేశాక ఆ జాబితా ఖాళీగా ఉంటే నిశ్చింతగా ఆన్ చేసుకోండి. లాక్ డ్రైవర్ ఇంకా అందులో ఉంటే ఆ మీటను ఆఫ్‌లోనే ఉంచి పని నడుపుకోవచ్చు గానీ, భద్రత ఆ మేరకు తగ్గుతుందని తెలిసి చేయాలి. ఆ కంప్యూటర్ మీదే బ్యాంకు లావాదేవీలు చేస్తుంటే వాటిని ఫోన్‌కు మార్చుకోమని మాత్రం గట్టిగా చెబుతాను.

సాఫ్ట్‌వేర్ తెరుచుకున్నాక పాత ఫైళ్లలో తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తే ఫాంట్లు పోయాయని కంగారు పడవద్దు. కంట్రోల్ ప్యానెల్‌లోని రీజియన్, అడ్మినిస్ట్రేటివ్ అన్న చోట నాన్-యూనికోడ్ ప్రోగ్రామ్‌ల భాష ఇంగ్లీషుగా ఉండాలి. అక్కడే కనిపించే యూటీఎఫ్-8 బీటా అన్న గడిలో టిక్ ఉండకూడదు. యూనికోడ్‌కు ముందు కాలం నాటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో మన గుణింతాలను కూర్చుకున్నవి కాబట్టి, ఆ గడిలో టిక్ పడితే మొత్తం చెదిరిపోతుంది.


కొండారెడ్డి బురుజు, కర్నూలు

వెనక్కి పోయే దారి తెరిచే ఉంది. జీపీటీ, యూఈఎఫ్ఐ పద్ధతిలో విండోస్ 10 కూడా నడుస్తుంది, మార్పిడి తర్వాత మీరు వాడింది అదే కదా. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ అన్న పేజీలో గో బ్యాక్ అన్న మీట 10 రోజుల పాటు ఉంటుంది. మీ ఆవిడ గారి పనంతా ఒక్కసారైనా ఇందులో నడిచి చూసేదాకా ఆ గడువు చాలకపోవచ్చు. అందుకని ఇవాళే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డీఐఎస్ఎం /ఆన్‌లైన్ /సెట్-ఓఎస్అన్ఇన్‌స్టాల్‌విండో /వాల్యూ:60 అని కొట్టండి, గడువు 60 రోజులకు పెరుగుతుంది. 10 రోజులు దాటిన తర్వాత ఈ ఆదేశం ఇచ్చినా ఉపయోగం ఉండదు, పాత విండోస్ ఫైళ్లు అప్పటికే తుడిచిపెట్టుకుపోతాయి. ఆ గడువు ముగిసేదాకా డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఇన్‌స్టాలేషన్ అన్న గడిలో టిక్ పెట్టకండి. వెనక్కి పోవాల్సి వస్తే బయోస్‌లో సీఎస్ఎంను మాత్రం మళ్లీ ఆన్ చేయకూడదు, అలా చేస్తే ఈసారి విండోస్ 10కే డిస్క్ కనిపించకుండా పోవచ్చు.